పొల్లు పోకుండ

మిర్యాలగూడల నా ఐసు ఫ్యాక్టరీ
గోదాముకని అమ్మిన పైసలు
బ్యాంకుల పడ్డ నాడే ఇంట్ల చెప్పిన:
మంచు చూడపోత.
"కులూకా?" అన్నది అండాలు.
కాదు, భూమి కింది కొసకు.
కాసేపు ఏం మాట్లాడలె.
తర్వాత డబ్బా నిండ కారప్పూస పోసింది.

బజార్ల నవ్వులు ఇనపడ్డయి.
"నలభై ఏండ్లు ఐసు అమ్మినోడు
ఐసు కొననీకి పోతుండట."
నిజమే గద.

ఓడల పోతె రెండు రోజులు
సముద్రం పేగులు తిప్పుతదట.
అందుకని విమానం, అందుకనే ఇంకింత ధర.
కొస ఊర్ల మూడు రోజులు
పొగమంచు దాన్ని లేవనియ్యలె.
హోటల్ కిటికీ కాడ కూసోని ఆకాశం దిక్కు చూసిన,
ఎండకాలంల డబ్బాల నీళ్లు సగమే గడ్డకట్టినప్పుడు
కరెంటు పోతె వైర్ల దిక్కు చూసినట్టు.

ఎక్కే ముందటి రాత్రి
మా బట్టలన్నీ బల్ల మీద పరిచి
ఎర్ర జాకెట్టు పిల్లొకామె, చేతిల చిమటా,
కుట్టు కుట్టు ఎతికింది.
గింజ పోవద్దట అక్కడికి. గడ్డి పోవద్దు. మన మట్టి పోవద్దు.
ఐసు గదిల తొడిగే నా పాత కోటు
జేబు మూల నుంచి తీసింది
ఒక్క ఊక పొల్లు.
లైటు కింద పెట్టి, ఇదేందన్నది.
నా ఇంగ్లీషు అంతదూరం పోలె.
రెండు చేతులతోటి
గడ్డ మీద ఊక కప్పినట్టు చూపిన.
తలూపింది. చిన్న కవర్ల ఏసి మూతి అంటించింది.

రైసు మిల్లుల ఊక, ట్రాక్టరుకింతని తెచ్చేది.
పెండ్లికి ఆరు గడ్డలు, శవానికి రెండు,
దూరపు కొడుకు రావాల్నంటె మూడు,
చేపల బండ్లకు వాడపల్లి దాక.
పొల్లు పోకుండ లెక్క రాసిన మనిషిని.
ఒక్కటి పోయిందన్నట్టు. అక్కడ దొరికింది.

గులకరాళ్ల మీద దిగింది విమానం.
ఒక్క చెట్టు లేదు, నీడంటె మాదే.
పెంగ్విన్లు చూడనీకి ముద్దుగున్నయి,
వాసన మాత్రం
పొద్దు గూకినంక చేపల మార్కెట్టు.

రబ్బరు పడవల పోతుంటె ఎదురొచ్చిందొక గడ్డ,
నల్లగొండ కలెక్టరాఫీసంత.
తెలుపు కాదు. నీలం.
గైడు చెప్పబోతె చెయ్యడ్డం పెట్టిన.
మా గడ్డకు నడుమ తెల్లటి గుండె ఉండేది,
గాలి చిక్కి.
గాలి లేని గడ్డనే గిరాకి అడుగుతడు.
ఇది గాలినంత పిండేసుకున్నది అన్న,
గొప్పగనే అన్న.
ఇంతల పడవ చుట్టూ చిన్న ముక్కలు
చిటపటమన్నయి, మూకుట్ల ఆవాలోలె.
అదే గాలట. వేల ఏండ్లు అణిగి
ఇప్పుడు బైటికొస్తుందట.
నలభై ఏండ్ల నా ఇద్దె
నీళ్లల చెయ్యి పెట్టి తీసుకున్న,
చెప్పకుండ కూసున్న.
ఒక్కటి మాత్రం ఒప్పుకుంట:
ఆ గడ్డను చూస్తె
నా కుడిచెయ్యి కొక్కెం కోసం తడుముకున్నది.

తిరిగొచ్చేసరికి ఇక్కడ నలభై మూడు.
సైదులు వచ్చిండు.
గోనెసంచి ఏసుకోని ముప్ఫై ఏండ్లు
నా గడ్డలు మోసిన వీపు అది,
ఎడమ భుజం ఇప్పటికీ వంగే ఉంటది.
అదే గోదాముకు ఇప్పుడు వాచ్‌మెన్.
ఫోన్ల ఫోటోలు చూపిన.
తెర మీద పడ్డ చెమటచుక్కను
రుమాలతోటి తుడిచి మరీ చూసిండు.
"ఊక లేకపాయె. ఎట్ల ఆగుతుంది సేటూ?"
ఆగుతలేదు, అన్న.
బొటనవేలుతోటి నీలం గడ్డను పక్కకు జరిపిండు,
మళ్ల నడుమకు తెచ్చిండు.
"గంత మంచు...
ఎవరు మోస్తున్నరు?"

నాకేం తోచలె.
అండాలు చల్ల తెచ్చింది,
ఫ్రిజ్జుల నుంచి రెండు ముక్కలేసి.
సైదులు గ్లాసును ఎలుగుకు పట్టి
నాకు చూపెట్టిండు,
ముక్క నడుమ తెల్లగున్నదని.