ఔట్‌పాస్

తెల్లకాగితం మీద అచ్చయి వచ్చిన నేను.
పాస్‌పోర్టు కఫీల్ బీరువల్నే ఉన్నది,
పదకొండేండ్ల సంది.

ఖల్లివెల్లి అన్నరు ఆడ నన్ను.
పేరు లింబాద్రి అని చెప్పుకునే పనే వడలే.
సైరన్ మోగితె సిమెంటు బస్తాల నడుమ
బస్తా లెక్కనే కూసున్న.

ఒకనాడు ఫోన్ల ఎవరో సదివిండ్రు:
క్షమాభిక్ష, రెండు నెల్ల గడువు.
రూముల ఏడుగురం ఒకలి మొకం ఒకలం జూసుకున్నం.
మాఫీ సరే, జేసిన తప్పేందిరా అన్నడు
రాయికల్ పోశెట్టి.
ఆగిన జీతం అడిగి, దెబ్బలు దిని, పారిపోయినోడు వాడు.
ఎవ్వలం మాట్లాడలే. సామాను గట్టుకున్నం.

ఎండల లైను.
పది వేళ్లు అద్దం మీద వెట్టిచ్చిండ్రు, మల్ల రాకుంట.
సిమెంటు దిన్న వేళ్లు, గీతలే లేవనుకున్న;
ఆ మిషన్ ఒక్కపారికే పసిగట్టింది.

ఇయ్యాల మల్లాపూర్ల
ఆశన్న రేషన్ దుకాన్ల బొటనవేలు వెడితె
ఎర్రలైటు.
తుడిచి వెట్టిన. నూనె రాసి వెట్టిన.
ఎడమది వెట్టిన.
"నువ్వు లింబాద్రివే అని నాకెర్కనే బాపూ,
మిషన్‌కు ఎర్కలేదు" అన్నడు.

ఎనుక లైన్ల భూలక్ష్మి, నా పెండ్లాం,
ముందుగాల నవ్వింది.
తర్వాత తన వేలు వెట్టింది.

బయట పోలీసు జీపు మూల మలిగింది.
నా కాళ్లు వాటంతటవే
బియ్యం బస్తాల దిక్కు నడిసినయి.