కలరా ఉండలు

నేను నీళ్లోసుకున్నానని తెలిసిన రోజే
మా అమ్మ దాలమ్మ బొంత మొదలెట్టింది.
తన పాత చీరలు ఆరు, నాన్న ఎర్రంచు పంచె ఒకటి.
దబ్బనం పోట్లకి బొటనవేలు కాయ కాసింది.
కుట్టు పూర్తయ్యాక ట్రంకుపెట్టెలో దాచింది,
మడత మడతకీ ఒక కలరా ఉండ.

రాజాంలో పుష్యమాసపు చలి.
ఇరవై మూడు రోజుల పిల్లడికి ఆ బొంత చుట్టింది.
గది గదంతా తెల్లటి వాసన.
"బాగుందే" అన్నాను.
నిజంగానే బాగుంది, చిన్నప్పటి కొత్తబట్టల వాసన.

మూడోనాటికి కళ్లు పసుపు.
నాలుగోనాడు గుడ్డ మీద
తాటిబెల్లం పానకం ఒలికినట్టు మరక.

శ్రీకాకుళం పెద్దాసుపత్రి.
నీలిదీపం కింద గంతలు కట్టిన బిడ్డ.
ఎవరిదో రక్తం, పేరు తెలియదు,
సన్నగొట్టంలోంచి చుక్కా చుక్కా దిగుతోంది.
పిల్లల డాక్టరమ్మ అడిగిన మొదటి మాట:
"ఇంట్లో కలరా ఉండలు వాడతారా?"
అమ్మ తలెత్తలేదు.

ఎర్రకణం పుట్టినప్పుడే సద్ది కట్టుకుంటుందట.
నూట ఇరవై రోజుల దారికి అదే మూట,
నడిదారిలో పొయ్యి రాజెయ్యడం ఉండదు.
ఆ మూటలో తుప్పు పట్టనివ్వని ఎంజైమ్ ఒకటి,
జీసిక్స్‌పీడీ అంటారు.
మావాడి మూటలో అది చిటికెడే.
ఉండల ఆవిరి తగిలేసరికి
ఎండకి పెసరకాయలు చిట్లినట్టు
కణాలు చిట్లిపోయాయి.

తర్వాత ఒక తెల్లకాగితం తీసింది.
మగాళ్లకి చతురస్రాలు, ఆడాళ్లకి సున్నాలు.
"ఇది కొడుక్కి తండ్రి నుంచి రాదు" అంది.
మా అత్త ఊపిరి పీల్చుకుంది.
నా సున్నా మధ్యలో ఒక చుక్క పడింది.
"మీకున్న రెండు ఎక్స్‌లలో ఒకటి ఇలాంటిది.
బిడ్డకి ఏది వెళ్తుందో, బొమ్మా బొరుసే.
మీ అన్నదమ్ములకెవరికైనా..."

"ఎర్రన్న" అంది అమ్మ.

నేను చూడని అన్న.
మా ఇంట్లో ఎవరూ పలకని పేరు.
సీతంపేట కొండ కింద ఊరు, చలిజ్వరాల ఏడు.
ఎవరో వచ్చి మాత్రలు పంచి వెళ్లారు.
"అందరూ మింగినారు. ఈడికి సేదని
బెల్లంలో నూరి నా సేత్తో ఎట్టినాను.
నల్లటి ఉచ్చ పోసినాడమ్మా.
గాలి సోకిందన్నారు."
అప్పటికి వాడికి ఆరేళ్లు.

డాక్టరమ్మ కలం కాసేపు కదల్లేదు.
అమ్మ సున్నాలో చుక్క పెట్టింది,
కింద చిన్న చతురస్రం గీసి నలుపు నింపింది,
మీద అడ్డంగా ఒక గీత.
నలభై ఏళ్లకి మా అన్నకి
ఒక కాగితం మీద చోటు దొరికింది.

"అయితే ఇద్దరికీ ఇచ్చింది నానేనేటి?"

"ఆ ఏడు మీకు జ్వరమొచ్చిందా?"
రాలేదు. ఊరంతా మంచమెక్కితే
గడప గడపకీ అంబలికుండ మోసింది తనే.
"ఈ చుక్క ఉన్నవాళ్లలో మలేరియా అంతగా ముదరదంటారు.
అందుకే కావచ్చు" అంది డాక్టరమ్మ.
"కాకపోనూవచ్చు."
అమ్మ రెండో మాటే విన్నది.

తొమ్మిదో రోజుకి ఇంటికొచ్చాం,
వాడకూడని మందుల కార్డొకటి పట్టుకుని.
చదువురాని అమ్మ రోజూ నాచేత చదివించుకుంటుంది.
ప్రైమాక్విన్‌ని పెరమాకీను అంటుంది,
మందులషాపు కుర్రాడు నవ్వినా
ఆ మాట అప్పజెప్పాకే దగ్గుమందు కొంటుంది.

బొంతని ఏడు నీళ్లలో ఉతికింది.
పెరటిగోడ మీద ఎండుతూ నెల దాటింది.
పారెయ్యమంటే పారెయ్యదు, లోపలికి తేదు.
పొద్దున్నే వెళ్లి ముక్కు ఆనించి నిలబడుతుంది.

నిన్న మా పెద్దపాపా వెళ్లింది,
కాగితం మీద తన సున్నా ఇంకా ఖాళీ.
గుడ్డలో ముఖం దూర్చి
"ఏ వాసనా లేదు అమ్మమ్మా" అంది.
అమ్మ మళ్లీ వంగి చూసింది.
"ఉందే" అంది.