రేపు బుధవారం

రేపట్నుంచి ఫీల్డ్‌వర్కు.
మెడలో వేసుకోడానికి కార్డొచ్చింది.
సువార్తని సువర్తగా కొట్టారు.
ఆఫీసులో చెబితే
"కొత్తది రావడానికి నెల పడుతుంది, ఈలోపు ఇదే వేసుకో" అన్నారు.
సరే. దీర్ఘం లేకుండానే వెళ్తాను.

సంచీలో లాగ్‌బుక్కు, రెండు పెన్నులు,
సమ్మతి పత్రాలు పన్నెండు,
వేలిముద్ర వేసేవాళ్ళకి స్టాంపు ప్యాడు,
కాలేజీ ఇచ్చిన మాస్కుల పొట్లం.
నాకు పడింది నల్లచెరువు వైపు,
మిరపకాయల తొడాలు తీసే ఇళ్ళు.
మస్తాన్‌వలికి పెద్దాసుపత్రి.
"నీకేం, ఫ్యాను కింద ఉద్యోగం" అని ఏడిపిస్తే
"మార్చురీ పక్క గది" అన్నాడు, నవ్వకుండా.

పోయిన వారమంతా రిహార్సల్సే.
హెప్సిబా మేడం కుర్చీల్ని ఎదురెదురుగా కాక
కొంచెం ఏటవాలుగా వేయించింది.
"మోకాళ్ళు గురిపెట్టి కూర్చోకండి.
'ఎందుకు' అంటూ మొదలెట్టకండి.
వాళ్ళు ఆగితే మీరూ ఆగండి."
మస్తాన్‌వలి తాగుబోతు మొగుడై
ఎంత బాగా తూలాడంటే
క్లాసంతా చప్పట్లు.
మేడం ఒక్కతే కొట్టలేదు.

తర్వాత నన్ను కూర్చోబెట్టారు, ఇల్లాలి వేషం.
"ఇంట్లో ఎంతమందమ్మా?"
ముగ్గురం.
"ఈ పాప బడికి పోవట్లేదా?"
ఇవాళ సెలవండీ, అన్నాను.

ఆ మాట నాకిచ్చిన కాయితంలో లేదు.

నాకప్పుడు ఎనిమిదేళ్ళు.
సంగడిగుంటలో ఒకటే గది,
గుమ్మం దాకా ఎండుకాయ రాశి.
ఒకామె ఫైలు పట్టుకొచ్చి
నిలబడే అడిగింది.
అమ్మ గ్లాసు తోమి, మళ్ళీ తోమి, నీళ్ళిచ్చింది.
ఆమె ముక్కు మీంచి చేతిగుడ్డ తియ్యలేదు.
తాగాలంటే తియ్యాలిగా.
ఆమె ముఖం నాకు తెలీదు, కళ్ళే తెలుసు.
వాటిల్లో నీళ్ళు కారుతున్నాయి,
జాలికి కాదు, ఘాటుకి.
నేను అమ్మ వెనకాల నిలబడి
రెండు చేతులూ గౌను జేబుల్లో దాచాను.
జేబుల్లో కూడా మండాయి.
"సెలవు" అని రాసుకుని వెళ్ళిపోయింది.
ఆవేళ బుధవారం.
సాయంత్రం దాకా గ్లాసు గుమ్మం మీదే ఉంది,
పైన ఒక మిరపగింజ తేలుతూ.

మేడం పెన్నుకి మూత పెట్టేసింది.
"ఇక్కడితో ఆపుదాం" అని అందర్నీ టీకి పంపింది.
నన్నుంచి, ఏమీ అడగలేదు.
బిస్కెట్ల పొట్లం చింపి నా వైపు జరిపింది.
ఇద్దరం ఆగాం.

రాత్రి అమ్మ నా చుడీదారు ఇస్త్రీ చేస్తోంది,
అరచేత్తో నీళ్ళు చిలకరిస్తూ.
గోళ్ళ చివర్లు ఇంకా ఎర్రగానే.
ఎమ్మెస్‌డబ్ల్యూ ఆమె నోరు తిరగదు.
"మా పిల్లది అడిగే చదువు" అని వీధిలో చెప్తుంది.

"ముక్కుకి గుడ్డ కట్టమాక.
దగ్గొస్తే దగ్గు, ఏం పోద్ది?
నీళ్ళిస్తే తాగు.
రోజుకెంతొస్తది అని గబుక్కున అడగమాక, సిగ్గుపడతారు.
కిలోకెంత ఇస్తున్నారో అడుగు.
అది మాత్రం తిట్టుకుంటా చెప్తారు."

మాస్కుల పొట్లం బయటికి తీశాను.
మళ్ళీ లోపల పెట్టాను.
నాకూ ఉంది ఆ దగ్గు, చిన్నప్పట్నుంచీ.
మళ్ళీ తీశాను.
ఇప్పుడది మంచం మీద, సంచీకి జానెడు దూరంలో ఉంది.

లాగ్‌బుక్కు మొదటి పేజీ.
తేదీ, స్థలం, గంటలు,
'నేటి లక్ష్యం' అని ఒక ఖాళీ గీత.
తేదీ వేశాను.
రేపూ బుధవారమే.
ఏ రాశి వెనకో, ఏ తల్లి వెనకో
ఒక పిల్ల చేతులు దాచుకుని నిలబడితే,
ఆ తల్లి నా కార్డు వంక చూసి
"ఇవాళ సెలవండీ" అంటే,
నా రెండు పెన్నుల్లో ఒక్కటీ

"లైటు తియ్యవే.
ఆటో ఏడింటికి" అంటోంది అమ్మ.