ఇతరములు

నైరోబీలో ఏడో అంతస్తు. రాత్రి రెండున్నర.
నా తెర మీద నూట పన్నెండు లారీలు,
నూట పన్నెండు ఆకుపచ్చ చుక్కలు.
మొంబాసా రేవు నుంచి మలాబా సరిహద్దు దాకా
ఒకే దారానికి గుచ్చినట్టు
జరగనట్టే జరుగుతుంటాయి.

కంటైనర్ తలుపుకి ఉన్నది తాళం కాదు, కన్ను.
అరచేతి మందం నల్ల డబ్బా, లోపల సిమ్ కార్డు.
తలుపు వెంట్రుకవాసి కదిలినా
ముందు చక్రం పక్కదారి పట్టినా
ఆగకూడని చోట ఆరు నిమిషాలు దాటినా
ఇక్కడ నా బల్ల మీద కుయ్‌మంటుంది.
వెనకటికి లారీ ఎక్కడుందో
దేవుడికీ, డ్రైవరుకీ, దారిలో టీ కాచే ఆవిడకీ తెలిసేదట.
ఇప్పుడా ముగ్గురినీ అడగక్కర్లేదు.

ఎరుపు. డెబ్బై నాలుగో నంబరు.
వెబూయె దాటి రెండు కిలోమీటర్లు. తొమ్మిది నిమిషాలు.
డ్రైవరు మకోఖా. సరుకు పింగాణీ పలకలు, కంపాలాకి.
ఫోన్ చేసి, రాసిచ్చిన వాక్యమే చదివాను:
"మీ వాహనం అనుమతి లేని చోట ఆగింది. కారణం చెప్పండి."

"టైరు, మేడం."

టైరు మార్చే మనిషి గొంతు కాదది.
జాకీ ఎత్తేవాడికి ఆయాసం ఉంటుంది, నోట్లో ఓ తిట్టుంటుంది.
ఇతను గుసగుసలాడుతున్నాడు
పక్కన ఎవరో నిద్రపోతున్నట్టు.
అప్పుడు వినిపించింది.
పిల్లికూన అనుకున్నాను. కాదు.
పదకొండు రోజులో, పన్నెండో,
అంతకు మించదు ఆ ఏడుపు వయసు.

"పేరు?" అన్నాను.
రాసిచ్చిన కాగితంలో లేని ప్రశ్న.
తన పేరే అనుకుని "మకోఖా" అన్నాడు.
మీది కాదు, అన్నాను.
కాసేపు ఇంజను ఒక్కటే మాట్లాడింది.
"నలియాకా. కలుపు తీసే రోజుల్లో పుట్టింది మేడం.
ఇల్లు రోడ్డుకి కిలోమీటరున్నర. బండి అటు తిప్పితే మీరు..."
"అవును. నేను."
"అందుకని వాళ్ళే వచ్చారు. దుప్పట్లో చుట్టుకుని,
మోటారు సైకిల్ మీద, వానలో."

ఉపగ్రహం కంటికి అక్కడేమీ లేదు.
యూకలిప్టస్ వరస, ఒక కల్వర్టు.
ఇరవై ఎనిమిది టన్నుల పలకల పక్కన
మూడు కిలోల మనిషి,
దారి పొడుగునా ఏ కాటా మీదా ఎక్కని బరువు.

పద్నాలుగో నిమిషంలో చుక్క కదిలింది, పచ్చబడింది.
కారణం: టైరు మార్పు, అని కొట్టాను.
కొట్టి, చల్లారిన కాఫీ తాగి
మిగతా నూట పదకొండింటికీ కాపలా కాశాను.

తెల్లారి గితోంగా పిలిచాడు.
మంచివాడే. కోపం రాదు, నివేదికలు వస్తాయి.
కాగితం నా వైపు తిప్పాడు.
ఇరవై రెండు టైర్లు, ఒక్కోదాని పొట్టలో ఒక్కో బిళ్ళ.
లోపల గాలెంతో రాత్రంతా చెబుతూనే ఉన్నాయట,
నాకు కాదు, ఇంకెక్కడో ఉన్న యంత్రానికి.
ఒక్క టైరూ దిగలేదు. ఒక్క చక్రమూ ఊడలేదు.
ఇరవై రెండు సాక్షులు ఒక్క మాట మీద నిలబడటం
నేను ఏ తగవులోనూ చూడలేదు.

"కారణం సరిదిద్దు, ముంబువా" అన్నాడు.

బాణం నొక్కితే జాబితా జారింది:
యంత్ర లోపం. ప్రమాదం. పోలీసు తనిఖీ. వరద.
దోపిడీ. దోపిడీ ప్రయత్నం. ఇంధనం.
డ్రైవరు అస్వస్థత. డ్రైవరు మరణం.
పైకీ కిందకీ రెండుసార్లు వెతికాను.
మరణానికైతే గడి ఉంది.

అట్టడుగున, వేలికి అందీ అందనట్టు: ఇతరములు.
నొక్కాను. వివరం అడిగింది,
ఇరవై అక్షరాలు మించకూడదంది.

నలియాకా, అని రాశాను.
గితోంగా నా భుజం మీంచి చదివి
"ఊరి పేరా?" అన్నాడు.
అవునన్నాను.

మకోఖా జీతంలో ఆ నెల ఎంత కోశారో తెలీదు,
ఆ తెర నాది కాదు.
నా తెర మీద మాత్రం
ఆ కల్వర్టు దగ్గరకొచ్చేసరికి, ఏ చుక్కైనా సరే,
ఓ క్షణం చెవి ఒగ్గుతాను.