కాంట నిలబడ్డంక

మొదటిసారి మైకు చేతికిచ్చినప్పుడు
నేను మాట్లాడలే. దగ్గిన.

ఏనుమాముల యార్డు, మిర్చి సీజను,
తేజ రకం దిగే షెడ్డు.
ఇరవై రెండేండ్ల సంది ఘాటు మింగిన గొంతు.
"అందరికి" అన్న.
"నమస్తె" ఎటు పోయిందో తెల్వలే.
నా దగ్గు మైకు డబ్బాలల్ల నుంచి
గేటు దాక పోయి మర్లొచ్చింది.
అడ్తి సావుకార్లు నవ్విండ్రు.
మా ఆడోళ్లు నవ్వలే, తలలు దించుకున్నరు.
గదే ఎక్కువ కాలింది.

బొల్లం కొంరమ్మ అంటే నోరున్న మనిషని పేరు.
చాట చేతుల ఉంటే
పది మందికి ఒక్కదాన్నే జవాబు.
అసొంటి నోరు
జానెడు ఇనుప కడ్డీ ముంగట ఎట్ల ఎండిపాయె?

సంఘపోళ్లు రాసిచ్చిన కాయితం
నడుముల చెక్కింది చెక్కినట్టే ఉండె.
"గౌరవనీయులైన" అని మొదలు.
పుట్టి బుద్దెరిగి ఎవలనూ అట్ల పిల్వలే నేను.
పరాయోళ్లింట్ల పీట మీద కూసున్నట్టు
నాలిక అంచుకు కూసున్నది ఆ మాట.

చింపేసిన.

తెల్లారి నుంచి బస్తాలకు చెప్పుడు వెట్టిన.
జెండా పాట కాక ముందు, ఇంక మసక మసకుంటది,
కుట్టని మూతులు తెరుసుకొని
వరుసగ నిలవడి ఇనేటియి.
బస్తకింత ఇస్తాండ్రు, ఇంత రావాలె,
తాగ నీళ్లు, చేతులకు తొడుగులు, మూతికి గుడ్డ,
ఎవలో ఎంబడి వడ్డట్టు
ఉరుక్కుంట చెప్పేదాన్ని.

దడువాయి రాజేలు చూసిండొకనాడు.
నవ్వుతడనుకున్న.
కాంట మీద బస్త ఏసి "చదువు" అన్నడు.
ఎర్ర అంకెలు గిలగిల కొట్టుకుంటానయి,
నలభై ఒకటి, ముప్పై తొమ్మిది, నలభై.
"ఇప్పుడే అనకు. నిలవడనియ్యి.
నిలవడ్డంక ఒక్కపారి చెప్పు.
నేను మెల్లగంటె గుడ రైతు ఇంటడు చూడు,
ఎందుకంటె అది వాని ఏడాది."
గంతే. ఇంకేం నేర్పలే.
తంబాకు నలుసుకుంట పక్క కుప్పకాడికి పోయిండు.

రెండోసారి మార్చి నెల.
రేకులు పేలే పగటీలి.
కార్యదర్శి, కమిటోళ్లు, గుడ్డ కప్పిన బల్ల.
కాళ్లు వణుకుతనే ఉన్నయి.
చెప్పులు ఇడిచిన.
సిమెంటు గచ్చు సురుక్కుమన్నది,
ఎక్కడ నిలవడ్డనో యాదికొచ్చింది.

గుంపును చూడలే.
ఆఖర్ల స్తంభానికి ఒరిగి పుల్లమ్మ ఉన్నది,
కండ్లల్ల నీళ్లు. ఏడుపు గాదు, మిర్చి.
ఆమెకొక్కదానికే చెప్పిన.

"పుల్లమ్మా," అన్న మైకుల,
"రాత్రి నీ మనుమరాల్ని ఎత్తుకున్నవా?"

లేదని తల ఊపింది.
ఎందుకెత్తుకోలేదో మాకందరికెరుకే.
బల్లకాడ ఎవలకూ ఎరుకలే.
"సబ్బు పెట్టినా, మజ్జిగ పోసినా
ఈ చేతుల మంట పోదు సారూ.
పసిదాని చెంప ముడితె పొక్కుతది."

ఆగిన.
ఎవలో కుర్సి జరిపిండ్రు,
ఆ సప్పుడు గుడ పోయేదాక ఆగిన.
అంకెలు నిలవడ్డయి.
అప్పుడు చెప్పిన రేటు. ఒక్కపారి.

దగ్గొచ్చింది. దాచుకోలే.
"గిది గుడ లెక్కల రాసుకోండ్రి" అన్న.
మా ఆడోళ్లు నవ్విండ్రు,
తలలెత్తి.

అడిగినంత రాలే. సగమొచ్చింది,
అదీ మీది సీజను నుంచి.
తొడుగులు ఇచ్చిండ్రు, అన్నీ మగోళ్ల సైజు.

ఇప్పుడు పరకాల దిక్కు పత్తి మిల్లు పిల్ల ఒకతి
బస్సెక్కి వచ్చి అడుగుతాంది,
వణుకు పోవాలంటె ఏం జెయ్యాలె అక్కా అని.
పోదు బిడ్డా. నాకు పోలే.
మొన్న కేసముద్రంల
మైకు పట్టిన చెయ్యి వణికితె
రెండో చేత్తోని దాన్ని పట్టుకున్న.

నోటుబుక్కు తీసింది రాసుకుందామని.
రాయకు.
చెప్పులు ఇడువు. ఇగో, ఈ బస్తకు చెప్పు.
ఆగాగు,
గంత ఉరుకకు.