రెండు కాళ్ల లెక్క

వోరు ఊళ్లో మంచు కరిగి బురదైన వారం.
ఉర్మాస్ కొట్లో తలకిందులుగా
మైము గ్రావెల్ బైకు.

"పెడల్లో ఉండే పవర్ మీటరొద్దు,
మన అడవి దారి రాళ్లకి నెల తిరక్కుండా పగుల్తుంది,"
అంటూ ఎడమ క్రాంకుకి అంటుకునేది తీశాడు.
చవకే. ఇరుసు మందమూ కుదిరింది.
దాని పొట్టకీ ఫ్రేముకీ మధ్య మాత్రం
పోస్టుకార్డు దూరలేదు.

"కాస్త అరగదీస్తే?"
"కార్బన్ ఫ్రేమునా!"
నవ్వుకున్నారు.

తర్వాత గొంతు తగ్గించి,
"ఇంకోటి... ఇది ఎడమకాలినే కొలుస్తుంది.
దాన్ని రెండింతలు చేసి మొత్తం ఇదే అంటుంది."

రెండేళ్ల కింద బర్చ్ మాను విరిగిపడ్డ కుడికాలు
బూటులో ఒకసారి కదిలింది.
ఇంట్లో వాళ్ల లెక్కా అదే:
బాగున్న కాలిని చూసి
బాగయ్యావంటారు.

"రెండు కాళ్ల బలమూ కలిసేచోట కొలిచేది లేదా?"

ఉంది. చైన్‌రింగు నడుమ, సాలీడులా.
ధర చెప్పేముందు
ఉర్మాస్ కళ్లజోడు తుడుచుకున్నాడు.
బోల్టు బెజ్జాలు రెండుసార్లు లెక్కపెట్టాడు.
ఎనిమిది. సరిపోయింది.

మైము డబ్బు తీసింది.
ఎన్ని వాట్లు చూపిస్తుందో.
తక్కువే కావచ్చు.
కానీ,
అందులో కుడికాలి కూలి కూడా ఉంటుంది.