తలకట్టు తీస్తే

మా ఫ్లెక్సు షాపులో ఫాంట్లు రెండే వాడతాం.
ఒకటి పెళ్ళికి, ఒకటి చావుకి.
తొందరలో ఉంటే రెంటికీ ఒకటే.
పదేళ్ళుగా నరసాపురంలో సగం ఊరు
నా కీబోర్డు మీదుగానే ఓణీలేసుకుంది, పాడెక్కింది.
ఒక్క అక్షరం మొహమైనా నేను చూసింది లేదు.

వశిష్ఠ గట్టున, మూతబడ్డ ప్రెస్సు గదిలో
మూడు రోజులు అక్షరాలు చెయ్యడం నేర్పుతారంటే
కంప్యూటరు మీదనుకుని జేబులో పెన్‌డ్రైవు వేసుకెళ్ళాను.
చేతిలో పెట్టింది ఒక తాటాకు, ఒక మేకు.
గీయండి, అంది మాలిని మేడం.
నాకన్నా ఆరేళ్ళు చిన్నది, గోళ్ళ సందున ఇంకు.
తిన్నగా గీశాను. ఆకు చిరిగింది.
ఇంకోటి ఇచ్చింది. అదీ చిరిగింది.
పక్కన లేసు అల్లే సువార్తమ్మ నవ్వింది:
"నూలైనా అంతేనండి, తిన్నగా లాగితే తెగుద్ది.
చుట్టుకుంటా పోవాల. ఆయ్."

మధ్యాహ్నం చీటీలు తీయించారు, మనిషికో అక్షరం.
పడవల మీద పేర్లు రాసే ఓలేటి దానియేలుకి క్ష వచ్చింది,
చిక్కుపడ్డ వల ముందేసుకున్నట్టు కూర్చున్నాడు.
సువార్తమ్మకి జ. ఇంటరు చదివే రజియాకి ప.
నాకు ర.
చిన్నబోయాను. ర లో చెయ్యడానికేముంది?
ఒక చుట్టు, మీదో తలకట్టు.
తలకట్టు తీస్తే సున్న.

ఇరవై గీశాను. ఇరవైలో ఒక్కటీ నిలబడలేదు.
ఒకదానికి కడుపుబ్బరం, ఒకదానికి బోదకాలు,
ఒకదాని తలకట్టు గాలికి లేచిన గొడుగు.
మేడం నలుపు వైపు చూడనేలేదు,
లోపల మిగిలిన తెలుపు మీద వేలు పెట్టింది.
"ఇది కదా మీరు గీయాల్సింది."
నాకు బుర్రకెక్కలేదు. తలూపాను.

సాయంత్రం సఖినేటిపల్లి పంటెక్కితే
ఎగువన లంక.
ఎన్నేళ్ళుగా చూస్తున్నానో.
చుట్టూ ఏరు, మధ్యన ఇంత ఇసుక, నాలుగు అరటి చెట్లు.
ఏరు ఒకవైపు తింటుంది, ఒకవైపు పెడుతుంది,
లంక కదులుతుంది, ఏరూ కదులుతుంది.
టిక్కెట్టు వెనకాల ముందు లంకని వేశాను,
తర్వాత దాని చుట్టూ నీళ్ళు పోశాను.

రెండో రోజు రాత్రి ఫోను.
పాత సరంగు పేర్రాజు పోయాడు, పొద్దున్నకి ఫ్లెక్సు కావాలి.
చావు ఫాంటు తెరిచి స కొట్టాను.
ర దగ్గర వేలు ఆగిపోయింది.

తలుపు కొట్టి దానియేలుని లేపాను:
స, గ ఎవరి చీటీలోనూ రాలేదు, నువ్వే రాయాలి.
ఆవలిస్తూ రాశాడు, పడవ ముక్కు మీద రాసినంత లావుగా.
సువార్తమ్మ జ కొక్కెంతో అల్లినంత సన్నం.
రజియా ఫోనులో పంపిన ప కాస్త వెనక్కి వాలింది.
ఇక ర్రా.
దీర్ఘం కోసం తలకట్టు తీసెయ్యాలి.
పైగా ర కిందే ర, అదీ తన రూపంలో కాదు,
గోచీ బిగించినట్టు కింద నుంచి చుట్టుకోవాలి.
నాలుగయ్యింది.

వాళ్ళబ్బాయి మోపెడాపి చాలాసేపు చూశాడు.
"ఏంటన్నా, అక్షరాలన్నీ తలో ఊరి నుంచి వచ్చినట్టున్నాయి?"
వంద తగ్గించి ఇచ్చాడు.
కట్టడం మాత్రం రేవులోనే కట్టారు,
పంటు దిగేవాళ్ళ కళ్ళకెదురుగా.

మూడో రోజు మేడం నాతో రేవు దాకా వచ్చింది.
ఎండకి చెయ్యడ్డం పెట్టుకుని చదివింది.
బాగుందనలేదు.
"సరంగులో ర కి కుడివైపు
ఇంకొంచెం గాలి కావాలండి" అంది.

నిజమే.
ఫ్లెక్సు తీసేశారు, కర్రలున్నాయి.
పంటు దిగినప్పుడల్లా
ఆ గాలి ఎంతో కొలుస్తుంటాను.